బొమ్మ లోపలి వైపుకి

నవంబర్ 10

ఈ డైరీ డుంబ్రిగుడలో ఎరువుల షాపువాడు ఇచ్చింది. పోయిన సంవత్సరానిది. తేదీకీ వారానికీ పొత్తు కుదరదు. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ రాసేదాన్ని. ఇంటర్ అయ్యాక, పెళ్ళయ్యాక మానేశాను. ఎవరు చదువుతారని రాయాలి? ఇప్పుడూ ఎవరూ చదవరు. అందుకే మళ్ళీ మొదలుపెట్టాను.

ఇక్కడ మాకు సాయం చేసే సంస్థవాళ్ళు కూడా ఒక పుస్తకం ఇచ్చారు. అట్ట మీద రెండు చేతుల మధ్య మొలక, అది వాళ్ళ గుర్తు. మీ ఫీలింగ్స్ అందులో రాయండి, వచ్చినప్పుడల్లా చూస్తాం అన్నారు. చూసేవాళ్ళ కోసం ఉండే ఫీలింగ్స్ వేరు. అవి అందులో రాస్తాను.

ఇవాళ మా షెడ్ల కాలనీలో ఆడవాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి తలా ఒక కెమెరా ఇచ్చారు. చిన్నది, వెండి రంగు, మెడలో వేసుకోవడానికి తాడు. కొండ జారి ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళం కదా. మా మనసులో ఏముందో నోటితో చెప్పలేమట. ఫోటోలు తీస్తే అవే చెబుతాయట. నేర్పడానికి వచ్చిన మేడమ్ పేరు సోఫియా. విశాఖపట్నం. ఈ బురదలోకి తెల్ల బూట్లు వేసుకొచ్చింది. మంచిమనిషిలాగే ఉంది. మంచివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం, అదొక చిరాకు.

మూడు సంగతుల మీద తీయాలి. నా బాధ. నా బలం. నా ఆశ. ఆఖరున విశాఖలో ఎగ్జిబిషన్ పెడతారు.

ఫోటోలో మనిషి ఉంటే ముందుగా వాళ్ళ చేత సంతకం పెట్టించాలని మేడమ్ చెప్పింది. పక్క షెడ్డు సవరమ్మక్క చెయ్యెత్తి, మరి మా పందిని తీత్తే అదేటి పెడతాదమ్మా, యేలిముద్రా అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇంటికొచ్చేదాకా నా మీద నాకే కోపం.

నవంబర్ 11

ఎందుకు చేరానో ఇక్కడైనా నిజం రాయాలి. నాకు ఫోటోలు తీయాలని లేదు. నాకు ఒక ఫోటో కావాలి.

కొండ జారడానికి ముందటేడు, కాఫీ పళ్ళు కోసేటప్పుడు, ఇదే సంస్థ నుంచి మోసెస్ అని ఒకాయన పెద్ద కెమెరాతో వచ్చాడు. మా తోటలో కోత తీశాడు. నా కూతురు సోని వెనకాలే తిరుగుతూ, ఎర్రగా పండిన కాఫీ పండు బుగ్గన పెట్టుకుని తీపి చప్పరిస్తోంది. ముందు పన్ను అప్పుడే ఊడింది దానికి. ఇటు చూడు పాపా అన్నాడాయన. అది నోరంతా తెరిచి నవ్వింది. బాబూ, ఆ ఫోటో మాకూ ఒకటి ఇయ్యి అన్నాను. ఫోన్‌కి పంపిస్తానని నంబరు రాసుకున్నాడు. రాలేదు. కొండ మీద సిగ్నల్ లేక రాలేదేమో అనుకుని ఊరుకున్నాను. పిల్ల ఎదురుగానే తిరుగుతుంటే ఫోటో కోసం ఎవరు వెంటబడతారు?

ఆ తర్వాతి వానలకే కొండ మా ఇంటి మీదకి దిగింది. అప్పుడే తెల్లారుతోంది. నేనూ నా మొగుడు బుధూ కింద చేలో గట్టు తెగకుండా చూస్తున్నాం. అత్త అచ్చియమ్మ మేకల్ని విప్పడానికి బయటికి వచ్చింది. సోని ఇంట్లో నిద్రపోతోంది.

ఇంటితోపాటు బుధు ఫోన్ పోయింది. సోని ఫోటోలన్నీ అందులోనే ఉండేవి. పుట్టినప్పటి సర్టిఫికెట్ లేక ఆధార్ కాలేదు. ఆధార్ లేక బడి రిజిస్టర్‌లో ఫోటో అంటించలేదు. మనిషి కూడా దొరకలేదు. యంత్రం కొన్నాళ్ళు తవ్వి వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయాక బుధు చేతులతో తవ్వాడు.

అలాంటి పిల్ల ఒకతి ఉండేదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

నవంబర్ 14

మా షెడ్డు ముందు ఒక రాయి పడి ఉంది. పొడుగు రాయి, నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. బుధు కొండవాగు గెడ్డలోంచి మోసుకొచ్చాడు. మా ఊళ్ళో మనిషి పోతే ఏడాది తిరిగేలోపు రాయి నిలబెడతాం. రాయి కింద గోతిలో వాళ్ళది ఏదో ఒకటి పెట్టాలి. గోరో, వెంట్రుకో, కట్టిన గుడ్డో. అది పెడితే పోయినవాళ్ళు వచ్చి ఆ రాయిలో కుదురుకుంటారు. రాయి నిలిచేదాకా వాళ్ళ పేరు పైకి అనకూడదు. అంటే వెనక్కి తిరిగి చూస్తారు, దారి తప్పి తిరుగుతూనే ఉంటారు.

మాకు పెట్టడానికి ఏమీ లేదు. ఏడాది దాటిపోయింది. పూజలు చేసే దిశారి సుక్రు తాత, బొమ్మైనా పరవాలేదర్రా, మొకం కనిపిత్తే సాలు అన్నాడు. అప్పట్నుంచి అత్త నన్ను చూసినప్పుడల్లా ఆ బొమ్మేటైంది అని అడుగుతోంది. రాయి మీద కాలనీ పిల్లలు కూర్చుని చిప్స్ తింటున్నారు.

ఇంట్లో ఎవరూ పేరు అనరు. అత్త గుంట అంటుంది, పిల్ల అని. బుధు అది కూడా అనడు. రాయడం పిలవడం కాదని నాకు నేనే తీర్మానించుకున్నాను. సోని. సోని. సోని.

నవంబర్ 19

'నా బాధ' తీయడానికి పాత ఊరికి ఎక్కాను. తీయడానికి అక్కడేం ఉంది? ఎర్రమట్టి, దాని మీద పచ్చగా గడ్డి. ఇంత మందిని మింగి ఎంత బాగా మొలిచిందో. మా ఇల్లు ఎక్కడుండేదో పనసచెట్టును బట్టి గుర్తుపట్టాను. నిలబడి తీస్తే ఏమీ అనిపించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తీశాను. సోని కళ్ళు అంత ఎత్తులోనే ఉండేవి. అక్కణ్ణుంచి చూస్తే పనసచెట్టు చాలా పెద్దది. కొండ ఇంకా పెద్దది.

కిందకి దిగాక కూడా అన్నీ అలాగే తీశాను. సంత, పొయ్యి, అత్త మోకాళ్ళు, కుక్క మొహం. దారిన పోయేవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

నవంబర్ 26

మీటింగ్. ఎవరి ఫోటో గురించి వాళ్ళు చెప్పాలి. నా పనసచెట్టు చూసి సోఫియా మేడమ్ యాంగిల్ చాలా బాగుంది అంది. థాంక్స్ మేడమ్ అన్నాను.

సవరమ్మక్క బాధకి పందిని తీసింది. ఈ పందిని మా ఆయన పిల్లప్పుడు సంతలో కొన్నాడు, ఆయన మట్టిలోకి ఎల్లిపోనాడు, ఇది ఈదుకుంటా వచ్చేసినాది అంది. పొద్దున్నే అరిసి సంపుతాదమ్మా, దీనికి కుడితి పొయ్యడమే సరిపోతంది, ఏడుద్దామంటే నాకు టైమేదీ అంది. మేడమ్ తల ఊపుతూ, తట్టుకోవడం అనే అర్థంలో కోపింగ్ అని చార్ట్ మీద రాసింది. సవరమ్మక్క నా వైపు వంగి, పంది పేరు రాసిందేటే అని అడిగింది. అవునన్నాను.

డిసెంబర్ 3

ఇవాళ అడిగాను.

మీటింగ్ మొదలవకముందే సోఫియా మేడమ్ దగ్గరికి వెళ్ళి మోసెస్ గారి సంగతి చెప్పాను. మా గుంట ఫోటో మీ ఆఫీసులో ఉంటుంది, నాకు అది కావాలన్నాను. ఆవిడ కళ్ళు తడిశాయి. అన్ని ఫోటోలూ కంప్యూటర్‌లో ఉంటాయి, పేరు చెప్పండి, వెతికిస్తాను అంది. పేరు నేనెలా చెప్పను? చీటీ మీద రాసి ఇచ్చాను.

ఇది పిలవకూడని పేరు అని కూడా రాయాల్సింది. నాకు తట్టలేదు. మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. సోఫియా మేడమ్ చీటీ విప్పి, అందరూ వచ్చి కూర్చుంటుండగా, సోని, ఎంత ముద్దు పేరు, సోని అని చదివింది. రెండుసార్లు.

ఆడవాళ్ళు ఉన్నచోటే బిగుసుకుపోయారు. ముసలామె ఒకతె చెవులు మూసుకుంది. సవరమ్మక్క లేచి, పక్కకి ఉమ్మేసి, పందికి కుడితి పొయ్యాలంటూ వెళ్ళిపోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. మేడమ్‌కి ఏమీ అర్థం కాలేదు. తర్వాత పేరు సంగతీ రాయి సంగతీ నేనే చెప్పాను. ఆవిడ అయ్యో అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డిసెంబర్ 4

సోఫియా మేడమ్ చేసింది తప్పే. ఇంకోసారి చేస్తే బాగుండు.

డిసెంబర్ 12

ఫోటో లేదట.

సోని అనే పేరుతో వెతికారట, ఏమీ రాలేదట. మోసెస్ ఉద్యోగం మానేసి ఎక్కడో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తున్నాడట. ఫోన్ ఎత్తడట. దొరికినా ఇవ్వడానికి రూల్స్ ఉన్నాయట. చిన్నపిల్లల ఫోటో బయటికి ఇవ్వాలంటే పిల్ల ఆధార్ కావాలి, తల్లిదండ్రుల కాగితాలు కావాలి. పిల్లల రక్షణ కోసమేనని ఆఫీసులో చెప్పారట. ఈ మాట చెప్పేటప్పుడు సోఫియా మేడమ్ నా మొహం వైపు చూడలేదు.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. సరేలే అంది. ఆ తర్వాత కూర చాలా ఉప్పగా చేసింది.

డిసెంబర్ 20

'నా బలం'. కాఫీ పళ్ళు తొక్క తీసి కడుగుతున్నాం. బుధు తొట్టిలో చేతులు పెట్టి కలుపుతున్నాడు. ఆ చేతులు తీశాను. గోళ్ళు నాలుగు వంకరగా మొలిచాయి. మట్టి తవ్వినప్పుడు ఊడిపోయినవి. మళ్ళీ వచ్చాయి గానీ తిన్నగా రాలేదు.

సంతకం పెట్టు, మేడమ్‌కి చూపించాలి అన్నాను. కాగితం చూశాడు. ఈ బొమ్మల్తో ఏటి సేత్తావు అన్నాడు. విశాఖలో పెడతారు అన్నాను. కాగితం తిరిగిచ్చేసి, నీ బొమ్మల్లో గుంట వత్తాదేటి అన్నాడు. చేతులు తుడుచుకుని గింజలు ఆరబొయ్యడానికి వెళ్ళిపోయాడు. ఏడాదిలో మొదటిసారి దాని మాట ఎత్తాడు. అదీ నన్ను పొడవడానికి.

సంతకం లేదు కాబట్టి ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. నా కెమెరాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటున్నాను. మేడమ్‌కి చీపురుకట్టల మోపు ఫోటో ఇచ్చాను. శ్రమే నా బలం అని పుస్తకంలో రాశాను. చాలా మెచ్చుకుంది.

సవరమ్మక్క మళ్ళీ పంది.

జనవరి 8

'నా ఆశ'. ఏమీ తీయలేదు. ఏదో నొక్కినప్పుడు వేలు అడ్డం పడింది. అంతా ముదురు ఎరుపు. అదే ఇచ్చాను. సోఫియా మేడమ్ చాలాసేపు చూసింది. ఇది చాలా లోతుగా ఉంది రత్నా అంది. యేలడ్డం పడిందమ్మా అని సవరమ్మక్క చెప్పింది. మేడమ్ నవ్వి, అయినా సరే అని పక్కన పెట్టుకుంది.

సవరమ్మక్క ఆశ కూడా పందే. కడుపుతో ఉంది.

ఫిబ్రవరి 2

అత్త పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, రాయి మీద వచ్చి కూర్చుంది. నా బొమ్మ తియ్యే అంది. నాను పోతే రాయి కిందకి పనికొత్తాది, గుంటకిలాగ అవ్వకూడదు అంది.

తీశాను. కదలకుండా కూర్చుంది. కెమెరా దించాక కూడా లేవలేదు. అప్పుడు చెప్పింది. ఆ పొద్దున్న మేకల దగ్గరికి వెళ్ళబోతూ గుంటని లేపుదామనుకుందట. అది నోరు తెరిచి పడుకుని ఉందట. సలిగా ఉంది, ఇంకాసేపు పడుకోనీలే అనుకున్నాను, బేగి లేపుంటే బతికేది అంది.

ఇన్నాళ్ళూ ఈ మాట లోపల పెట్టుకుని తిరిగింది. పక్కన కూర్చున్నాను. కోపం రాలేదని రాస్తే అబద్ధం. చాలా వచ్చింది. ఆ ముసలి మోకాళ్ళని చూస్తూ కూర్చున్నంతసేపూ వస్తూనే ఉంది. తర్వాత ఇద్దరం లేచి గంజి తాగాం.

ఫిబ్రవరి 28

విశాఖ వెళ్ళి వచ్చాం. ఒళ్ళంతా నొప్పులు. అంతా రాసేదాకా పడుకోను.

మమ్మల్ని మా పద్ధతిలో చీరలు కట్టుకుని రమ్మన్నారు. మా పద్ధతి చీరలు మట్టిలో పోయాయని చెబితే వాళ్ళే కొత్తవి కొని పంపారు. బస్సులో ఘాట్ దిగేంతసేపూ సవరమ్మక్క వాంతులు. ఆ కొత్త చీర పాడవకుండా మోకాళ్ళ మీదకి లాక్కుంది.

హాలు ముందు బస్సు దిగాం. గేటుకి ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడితే ఎంతో అంత ఎత్తు. పైన 'మళ్ళీ చిగురించిన కొండలు' అని రాసి ఉంది. కింద వరసగా సంస్థల గుర్తులు. మధ్యలో సోని.

బుగ్గన కాఫీ పండు. పన్ను లేని సందు. ఇటు చూడు పాపా అంటే చూసిన చూపు.

ఎడమ కనుబొమ్మ మీద గాటు కూడా ఉంది. మేక కొమ్ము తగిలింది దానికి. రక్తం ఆగక పసుపు పెట్టాను. ఈ ఏడాదిన్నరలో ఆ గాటు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నా కూతురి మొహం నాలోంచి కొంచెం కొంచెంగా పోతోందని ఆ గేటు దగ్గర తెలిసింది. సవరమ్మక్క నా చెయ్యి పట్టుకుని, మన గుంటే కదే అంది.

సోఫియా మేడమ్ పరుగున వచ్చింది. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఆవిడ కూడా ఆ ఫ్లెక్సీని అప్పుడే చూడటమట. డైరెక్టర్ గారిని పిలుచుకొచ్చింది. ఆయన చేతులు జోడించాడు. ఆఫీసులో ఎవరికీ ఆ పిల్ల ఎవరో తెలియదమ్మా, కోలుకోవడం అంటే నవ్వు మొహం కావాలి కదా, పాత ఫోటోల్లో వెతికితే ఇది దొరికింది అన్నాడు. కంప్యూటర్‌లో దాని పేరు ట్రైబల్ గర్ల్, స్మైల్, నాలుగు. అందుకే సోని అని వెతికితే రాలేదు. వాళ్ళ దగ్గర దానికి పేరే లేదు. ఆధార్ అడిగిన రూలు గేటు దగ్గరికి ఎందుకు రాలేదని అడుగుదామనుకున్నాను.

ఇప్పుడే తీయించేస్తాను అన్నాడు. వద్దు, చూడనివ్వండి అన్నాను. ఆయన తల ఊపి, స్టేజీ మీద రెండు మాటలు చెప్పగలరా, చాలా పవర్‌ఫుల్‌గా ఉంటుంది అన్నాడు. సర్, ప్లీజ్ అంది సోఫియా మేడమ్.

ఎక్కాను. ఎందుకు ఎక్కానో తెలియదు. నా పేరు రత్న, గేటు మీద బొమ్మలో ఉన్న గుంట నా కూతురు అన్నాను. ఆ తర్వాత మాట చెప్పేలోపే చప్పట్లు మొదలుపెట్టారు. హాలు హాలంతా. ఆగుతారని చూశాను. ఆగలేదు. కొందరు లేచి నిలబడి కూడా కొట్టారు. దిగి వచ్చేశాను.

పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మీ పాప ఎంత ముద్దుగా ఉందో, ఏం చదువుతోంది అని అడిగింది. రెండో క్లాసు అన్నాను. బాగా చదువుతుందా అంది. పరవాలేదండీ, అల్లరి ఎక్కువ అన్నాను. చెప్పిన మాట వింటుందా అంది. వాళ్ళ నాయనమ్మ మాటే వింటుంది, నా మాట వినదు అన్నాను. ఆవిడ నవ్వి, నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

అంత హాయిగా నాకు ఎప్పుడూ లేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను. ఇంకో నలుగురు వచ్చి అడిగినా అలాగే చెప్పేదాన్ని.

నా వేలి ఫోటో కింద 'ఎర్రటి ఉదయం' అని పెట్టారు. పంది ఫోటో అన్నిటికన్నా పెద్దది. దాని పక్కన నిలబడి అందరూ సెల్ఫీలు తీసుకున్నారు.

మార్చి 3

సోఫియా మేడమ్ జీపులో వచ్చింది. ఒక్కతే. ఫ్లెక్సీ మడతపెట్టి తెచ్చింది. దాన్ని ఢిల్లీ ప్రోగ్రాంకి దాచమన్నారట. ఎగ్జిబిషన్ రోజు సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉంటే తనే కూరగాయల కత్తితో తాళ్ళు కోసేసిందట. అదే ఫోటో చేతిలో పట్టేంత సైజులో తీయించి, లామినేషన్ చేయించి అది కూడా తెచ్చింది. ఇచ్చి, మా రాయి మీద కూర్చుని ఏడ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను. వీపు నిమిరాను. ఓదార్చే పని కూడా నాకే పడింది. అయినా పరవాలేదు. ఆవిడకి రాయి సంగతి తెలుసు కదా, గుర్తొచ్చి గబుక్కున లేచింది. కూర్చోండి మేడమ్, అది ఇంకా ఉత్త రాయే అన్నాను.

పోయేముందు ఆఖరి ఫారం నింపింది. ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది, ఒకటి నుంచి పది వరకు ఎంత అని అడగాలట. ఎనిమిది వేసుకోండి అన్నాను. వేసుకోలేదు. ఖాళీగా వదిలేసి సంతకం పెట్టింది. కెమెరాలు మాత్రం తిరిగి తీసుకెళ్ళింది. బుధు చేతుల ఫోటో అందులోనే పోయింది. చెరిపేయమని చెప్పడం మర్చిపోయాను.

అత్త లామినేషన్ ఫోటో పట్టుకుని పన్ను లేని సందు మీద బొటనవేలితో రుద్దింది. బుధు వచ్చాడు. దూరం నుంచే చూసి, చేతులు కడుక్కుని వచ్చి దగ్గర నుంచి చూశాడు. ఆ తర్వాత ఎటో వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చాడు.

ఫ్లెక్సీ విప్పడానికి మా షెడ్డులో చోటు లేదు. అటక మీద పెట్టాం.

మార్చి 15

సుక్రు తాత రోజు చూసి చెప్పాడు. వచ్చే నెల్లో రాయి.

మార్చి 22

సవరమ్మక్క పంది ఈనింది. ఒక పిల్ల మాకు ఇస్తానంది. ఏడవడానికి టైము లేకుండా సేత్తాదే అంది.

ఏప్రిల్ 12

రాయి రోజు.

పొద్దున్నే బుధు గొయ్యి తవ్వాడు. ఊరు ఊరంతా వచ్చింది. పాత ఊళ్ళో మిగిలినవాళ్ళు, చుట్టాలు. కోడి కోశారు. సుక్రు తాత బియ్యం చల్లుతూ ఏదో పాడాడు. ఫోటో పెట్టాల్సింది ఇంట్లో పెద్ద ఆడమనిషి. అత్త ఫోటో పట్టుకుని గొయ్యి అంచున గొంతుక్కూర్చుంది. ఎట్టు అచ్చియమ్మా అన్నాడు తాత. కూర్చునే ఉంది. ఎర్రమట్టి తడిగా ఉంది. రాత్రి చినుకులు పడ్డాయి. ఇంకోసారి ఎట్టు అన్నాడు.

అత్త ఫోటోని నడుం దగ్గర చీరలో దోపుకుంది.

ఒకసారి మట్టిలో ఎట్టినాం, సాలదేటి అంది.

సుక్రు తాతకి కోపం రాలేదు. ఆయన అలసిపోయినట్టు కనిపించాడు. రాయి నిలబెట్టకపోతే గుంట తిరుగుతానే ఉంటాది అన్నాడు. తిరగనీ, ఇల్లు తెలుసు దానికి అంది అత్త. ఏ ఇల్లు అని ఎవరూ అడగలేదు. దానికి తెలిసిన ఇల్లు ఇప్పుడు గడ్డి కింద ఉంది.

వండింది వృథా కాకూడదని అందరూ తిన్నారు. వెళ్ళేటప్పుడు గొణుక్కున్నారు. పిల్లని అలా వదిలేత్తారా, సదువుకున్న కోడలే నేర్పుంటాది అన్నారట. సవరమ్మక్క చెప్పింది. నేను నేర్పలేదు. ఆ గొయ్యి అంచున నేను కూర్చుంటే పెట్టేసేదాన్నేమో. అన్నీ అయిపోవాలని నాకు ఉండేది. ముసలామెకి లేదు. ఫిబ్రవరిలో ఆమె మీద పెట్టుకున్న కోపం ఇవాళ ఎటు పోయిందో వెతుక్కున్నాను. పూర్తిగా పోలేదు. కానీ సాయంత్రం ఆమె కాళ్ళకి నూనె రాశాను.

బుధు గొయ్యి పూడ్చేశాడు. రాయి ఎక్కడిదక్కడే పడి ఉంది.

మే 17

పెద్ద గాలి. కప్పు మీద టార్పాలిన్ చిరిగిపోయింది. ఇవి షెడ్లంటారు గానీ ఇచ్చిన రేకులు గోడలకే సరిపోయాయి. కప్పుకి తర్వాత ఇస్తామన్నారు. వెదురు వాసాల మీద దొరికింది కప్పుకుంటున్నాం. సగం ఇళ్ళకి రోడ్డు మీద ఊడదీసిన ఫ్లెక్సీలే. సవరమ్మక్క కప్పు మీద ఎవరో లీడర్ పుట్టినరోజు. ఆయన ఎండనకా వాననకా ఆకాశానికి దండం పెడుతూ పడుకుని ఉంటాడు.

బుధు అటక మీంచి మన ఫ్లెక్సీ దించాడు. నేను వద్దనలేదు, సరే అనలేదు. రాయి పక్కన నేల మీద పరిచాడు. సోని అంతా పరుచుకుంది. కాలనీ పిల్లలు చుట్టూ నిలబడ్డారు గానీ ఒక్కడూ తొక్కలేదు. పైన అక్షరాల ముక్క, కింద గుర్తుల ముక్క కత్తితో కోసేశాడు. వాటిని సవరమ్మక్క పందుల పాకకి పట్టుకుపోయింది. ఇప్పుడు పందిపిల్లల మీద 'మళ్ళీ చిగురించిన కొండలు'.

వాసాల మీదకి ఎక్కి, ఏ పక్క పైకి అని నన్ను అడిగాడు. బొమ్మ లోనికి ఎట్టేద్దాం, ఎండకి రంగు పోద్ది అని తనే అన్నాడు. తాళ్ళు బిగించి కట్టాడు. చాలా బిగించాడు. దిగాక, లోపలికి వచ్చి తల పైకెత్తి చూసి, ఒక మూల వదులైందని మళ్ళీ ఎక్కాడు.

జూన్ 9

పొద్దుట్నుంచి వాన. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

మధ్యాహ్నం అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. తడుత్తన్నావేటే సోనీ అని అడిగింది.